పదకొండు అడుగుల అవతల స్విచ్

తిరుపతి, కాలేజీ హాస్టల్
జూలై 9

ఎస్తేరక్కకు,

సిద్ధమ్మత్త కుడిచేతిని నరికినవాడు మా మెకానికల్ శాఖాధిపతి డాక్టర్ విజయ్ కుమార్. మీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అందరూ ‘మిషన్ లాగేసింది’ అంటున్నారని నీ మెసేజ్‌లో రాశావు. మిషన్‌కు పగ ఉండదక్కా. దాన్ని ఆ రూపంలో అక్కడ నిలబెట్టిన మనిషి ఒకడుంటాడు. ఆ మనిషి పేరు పెట్టి రాస్తున్నాను. ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడినా నాకు భయం లేదు.

ఎట్లా నరికాడో విను. మూడో సంవత్సరంలో మాకు డిజైన్ అని ఒక కోర్సు ఉంది. మా పై బ్యాచ్ దాకా ఆ కోర్సులో రెండు వారాలు క్లాసులే ఉండేవి కావు. ఏ మిషన్ గీయాలనుకుంటే ఆ పని చేసేవాళ్ళ పక్కన పోయి నిలబడాలి. చెయ్యి ఎక్కడ పెడతారు, కాలు ఎక్కడ ఆనిస్తారు, ఏ గంటకు అలిసిపోతారు, అన్నీ ఫీల్డు పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాతే పెన్సిల్. వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ పెంచలయ్య సార్ దాన్ని నడిపేవాడు. విజయ్ కుమార్ వచ్చిన ఏడాదే ఆ రెండు వారాలు ఎత్తేశాడు. బదులుగా నలభై గంటల వీడియోలు పెట్టాడు. పుస్తకంలో ఏదో ఒక ఫ్యాక్టరీ స్టాంపు ఉంటే చాలు, మార్కులు. డిగ్రీ లేదని పెంచలయ్య సార్‌ను ఇంటికి పంపాడు.

అట్లాంటి కోర్సులో మా ఐదుగురి బ్యాచ్ గీసిందే ఆ ఫీడర్. కోసిన కాయల్ని గుజ్జు మిషన్‌లోకి నెట్టడానికి లోపల ఇనుప మర తిరుగుతుందే, అదే. దానికి మొదటి బహుమతి ఇప్పించుకున్నాడు, శాలువా కప్పించుకున్నాడు, కాలేజీ సీలు కొట్టి డ్రాయింగ్‌ను మీ ఓనర్‌కు ఇచ్చాడు. సీజన్ మొదలై నెల తిరక్కముందే అత్త చెయ్యి పోయింది. అమ్మ పోయాక మనిద్దరికీ అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

నీ మెసేజ్ చూసి వర్క్‌షాప్‌కు పోయి సుత్తి తీసుకున్నాను. డిపార్ట్‌మెంట్ వరండాలో అద్దాల బీరువాలో మా ఫీడర్ నమూనా ఉంటుంది, పక్కన విజయ్ కుమార్ ఫొటో. మొదటి దెబ్బకు అద్దం రాలింది. తర్వాత ఎన్ని దెబ్బలు వేశానో గుర్తు లేదు. నా అరచేతిలో గాజు దిగి సుత్తి జారుతుంటే ఆగాను. నలుగురు సెక్యూరిటీ వాళ్ళు వచ్చి పడ్డారు. “నువ్వు సేసిన మిషన్నే నువ్వు కొడతాండావేందిరా, ఎర్రోడా?” అని ఒకడు నవ్వి డొక్కలో తన్నాడు. ఫోన్ లాక్కుని ఆఫీసులో పెట్టారు. అందుకే ఉత్తరం.

జరిగింది జరిగినట్టు రాయి. ఒక్క వివరం వదలకు. దాన్ని పట్టుకుని వాడి గొంతు మీదికి పోతాను. పని వాళ్ళ నెత్తురు మీద బతికేవాళ్ళకు వినపడే భాష ఒకటే ఉంది.

నీ తమ్ముడు,
ఇమ్మానుయేల్


గుడిపాల
జూలై 17

తమ్ముడు ఇమ్మానుయేల్‌కు ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు ప్రభువు మాట రాయడం మానేసినా నేను మానను.

ఫోన్ పోవడం ఒకందుకు మంచిదే. ఫోన్‌లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. కాగితం మీద ఎంత అరిచినా అన్నం తిన్నాక చదువుకోవచ్చు.

ఆ రోజు మొదటి షిఫ్టు. తోతాపురి లారీలు గేటు బయట వరస కట్టి ఉన్నాయి. ఆ కొత్త ఫీడర్ నోరు మాకు మెడ దాకా వస్తుంది. కింద నిలబడి కాయలు ఎత్తి పోయాలంటే భుజాలు పడిపోతాయి. మొదటి రోజే అందరం సూపర్‌వైజర్ మునికుమార్‌తో మొరపెట్టుకున్నాం. అతను ఖాళీ క్రేట్లు తెచ్చి పడేసి, “బోర్లించి ఎక్కండి, బస్సు మెట్టు ఎక్కేది లేదా?” అన్నాడు. అప్పటి నుంచి క్రేట్ల మీదే నిలబడుతున్నాం. కింద ఎప్పుడూ రసం పారుతూ ఉంటుంది.

అత్త నా పక్క మనిషి. పొద్దున్నుంచి నవ్విస్తూనే ఉంది. “మే ఎస్తేరూ, నీ తమ్ముడు నన్ను సూడకుండానే నాకు కొలతలు తీసినాడే. జాకెట్టు అయ్యుంటే ఇప్పి మొగాన కొట్టుందును” అంది. నేను నవ్వి తల తిప్పేలోపు ఆమె కింద క్రేటు జారింది. ముందుకు పడుతూ దేన్నో పట్టుకోవాలని చెయ్యి చాచింది. అక్కడ పట్టుకోవడానికి ఉన్నది ఫీడర్ నోరు ఒక్కటే.

అత్త అరవలేదు. “పట్టుకునిందే, పట్టుకునిందే” అని మామూలుగా చెప్పింది. ఆ తర్వాత ఎముక చప్పుడు. స్విచ్ అవతలి కొనలో ఉంది. మధ్యలో కాయలు కడిగే తొట్టి. ఎగిరి దాటలేను. తొట్టి చుట్టూ తిరిగి పరిగెత్తాను. తర్వాత పోయి లెక్క పెట్టాను, నా కాళ్ళకు పదకొండు అడుగులు. మొదటి అడుగులో మణికట్టు దాకా ఉన్న చెయ్యి, నేను స్విచ్ నొక్కేసరికి మోచేతి దగ్గరికి పోయింది. ఆపాక చెయ్యి లోపలే ఉండిపోయింది. మర వెనక్కి తిరగదు. ఫిట్టర్ వచ్చి బోల్టులు విప్పడానికి ఇరవై నిమిషాలు. అంతసేపూ అత్తను నేను వెనక నుంచి పట్టుకున్నాను. నొప్పికి నా భుజం కొరికింది. పళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

మునికుమార్ పరిగెత్తుకుంటూ వచ్చి అన్న మొదటి మాట, “వాల్వు ముయ్యండి, గుజ్జులోకి నెత్తురు పోతాండాది!” నా చేతికి దొరికిన క్రేటుతో అతని మూతి మీద కొట్టాను. రెండు పళ్ళు రాలాయి. కింద పడ్డాక మిగతా ఆడవాళ్ళు కాళ్ళతో తన్నారు. మధ్యాహ్నానికి నీళ్ళు కొట్టి లైన్ మళ్ళీ నడిపించారు.

వేలూరు ఆసుపత్రిలో చేతిని మోచేతి దాకా తీసేశారు.

విజయ్ కుమార్ నరికాడని రాశావు. సరే. ఒకటి అడుగుతాను, జవాబు రాయి. స్విచ్‌ను తొట్టి అవతల పెట్టమన్నది ఎవరు?

నీ అక్క,
ఎస్తేరు


తిరుపతి
ఆగస్టు 6

అక్కా,

బోర్లా పడుకుని రాస్తున్నాను. అరికాళ్ళు నేల మీద ఆనవు. సలావుద్దీన్ వేడినీళ్ళ కాపడం పెడుతున్నాడు. నా రూమ్మేటు, మదనపల్లె పిల్లాడు, నీకు ఒకసారి చెప్పాను. వాళ్ళ నాన్న వచ్చి సంతకం పెడితే గానీ స్టేషన్ నుంచి నన్ను వదల్లేదు.

నీ ఉత్తరం అందిన రోజే విజయ్ కుమార్ గదిలోకి పోయి నిలబడి చదివి వినిపించాను. క్రేటు, ఎముక చప్పుడు, పదకొండు అడుగులు, ఒక్క ముక్క వదల్లేదు. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా?

“చాలా బాధగా ఉందయ్యా. కానీ నా పరిస్థితి చూడు. నూట ఎనభై మంది పిల్లలు, ఇద్దరు లెక్చరర్లు. రెండు వారాలు మిమ్మల్ని ఊళ్ళ మీదికి వదిలితే ఎవడికి ఏమైనా నాదే బాధ్యత. మీ తల్లిదండ్రులే వచ్చి కోడింగ్ చెప్పండి, ఉద్యోగాలు రావాలి అంటారు. డిజైన్ కోర్సు వల్ల ఉద్యోగం వచ్చిన ఒక్కణ్ణి చూపించు.”

“సిద్ధమ్మను చూపిస్తాను, రా సార్, వేలూరు పోదాం” అన్నాను.

అప్పుడు ఇంకో మాట అన్నాడు. అది నీకు రాయను. ఆ మాటకు నా కళ్ళకు ఏమీ కనపడలేదు. కాలర్ పట్టుకుని బల్ల మీంచి ఇవతలికి లాగాను. తల బల్ల అంచుకు తగిలి నుదురు చీలింది. తెల్ల చొక్కా మీద నెత్తురు కారుతుంటే అతను దాన్ని అరచేత్తో ఆపుకుంటూ నా వైపు చూసిన చూపు ఉందే, భయం కాదది, ఆశ్చర్యం. తన ఒంట్లో కూడా అది ఉంటుందని అప్పుడే తెలిసినట్టు.

స్టేషన్‌లో లాఠీ ఎత్తినవాడు మన వైపు మనిషే. “ఇంజనీరు సదువుతాండావు, రౌడీ పన్లు యాడ నేర్సినావురా?” అని అడుగుతూ ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. నేను ఏడవలేదు. నెల రోజులు సస్పెండ్ చేశారు.

సెప్టెంబర్ 15, ఇంజనీర్ల దినం నాడు కాలేజీలో కొత్త డిజైన్ సెంటర్ తెరుస్తున్నారు. గాజు గోడలు, రంగు కుర్చీలు, గోడ నిండా ఇంగ్లీషు సూక్తులు. వాడేవాళ్ళ మొహం చూడకుండా డిజైన్ నేర్పే సమాధి అది. రిబ్బన్ కత్తిరించే ముందే దాన్ని తగలబెడతాను. డీజిల్ సంగతి మాట్లాడిపెట్టాను.

స్విచ్ సంగతి అడిగావు. డ్రాయింగ్ ఐదుగురు కలిసి చేసేది. చిన్న వివరం పట్టుకుని పెద్ద దోషిని వదిలేయకు. మొత్తం విధానం కుళ్ళిపోయినప్పుడు ఒక స్విచ్ ఎక్కడుందన్నది ప్రశ్నే కాదు.

ఇమ్మానుయేల్


గుడిపాల
ఆగస్టు 30

ఇమ్మానుయేల్‌కు వందనాలు.

తగలబెట్టు. లోపల పడుకునే వాచ్‌మన్ ఎవరో కనుక్కుని తగలబెట్టు. అతని భార్య పేరు కూడా కనుక్కో, నీకు తర్వాత పనికొస్తుంది.

నువ్వు బస్టాండు ఫుట్‌పాత్ మీద కొనుక్కునే ఆ సన్న విప్లవం పుస్తకాల్లో చెయ్యి పోయిన మనిషి ఉంటుంది కానీ, ఆ మనిషి జుట్టు ఎవరు ముడేస్తారో ఉండదు. అత్త ఇంటికొచ్చింది. పొద్దున్నే నేను పోయి దువ్వుతున్నాను. మొన్న ఒంటిచేత్తో బియ్యం కడగబోయి గిన్నె జారితే, గోడకేసి కొట్టింది. మళ్ళీ ఏరుకుంది, ఒక్కో గింజ, ఎడమచేత్తో. నన్ను ముట్టుకోనివ్వలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి. వచ్చే సీజన్‌కు ఓనర్ అవే ఫీడర్లు ఇంకో నాలుగు చేయిస్తున్నాడు. నన్ను రెండో నంబరు దాని మీద వేస్తారట. క్రేటుతో కొట్టినందుకు పని తీసేయలేదు, ఇది వేశారు. నేను ఓనర్ దగ్గరికే పోయి, “అయ్యా, నోరు కిందికి దించండి, స్విచ్ ఇవతలికి తెప్పించండి” అని అడిగాను. డ్రాయింగ్ మీద కాలేజీ సీలు చూపించి, “ఇంజనీర్లు గీసినారు మే. నువ్వు ఏం సదివినావని దిద్దుతావు?” అన్నాడు. గీసినవాళ్ళు వచ్చి తప్పని చెబితే అప్పుడు చూస్తాడట.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. స్విచ్ అక్కడ పెట్టింది ఎవరు?

ఇంకొకటి కూడా. ఫిబ్రవరిలో, ఫ్యాక్టరీలో టమోటా గుజ్జు నడుస్తున్నప్పుడు, మీ బ్యాచ్ మా దగ్గరికి చూడడానికి వస్తుందని ఫోన్ చేశావు. నేను లైన్‌లో అందరికీ చెప్పుకున్నాను. అత్త ఐదుగురు పిల్లలకు సరిపడా చిత్రాన్నం చేసి తెచ్చింది. “సదువుకునే పిల్లోళ్ళు, క్యాంటీన్ కూడు తింటారా?” అని. మధ్యాహ్నం బెల్లు కొట్టినప్పుడల్లా గేటు దాకా పోయి చూశాం, రెండు రోజులు. మీరు రాలేదు. ఎందుకు రాలేదని నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎస్తేరు


కార్వేటినగరం
సెప్టెంబర్ 14

అక్కా,

రేపు తగలబెట్టడం లేదు. డీజిల్ క్యాన్ తిరిగి ఇచ్చేశాను. ఎందుకో రాస్తాను, చివరిదాకా చదువు. మధ్యలో చించాలనిపిస్తే చదివాక చించు.

పెంచలయ్య సార్‌ను కలవడానికి వచ్చాను. ఆయన ఇక్కడ పంపుసెట్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. రేపు రిబ్బన్ కత్తిరించేటప్పుడు నా పక్కన నిలబడమని, కోర్సును ఎవరు చంపారో అందరి ముందూ చెప్పమని అడగాలని వచ్చాను. ఆయన నా మాటలన్నీ విన్నాడు. మోటారు విప్పుతూనే విన్నాడు.

“డ్రాయింగ్ తెచ్చినావా?”

తెచ్చాను. నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు స్పానర్లు పెట్టి, గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“బాగుండాది. గీత సుద్ధంగా ఉండాది. ఈ నోరు ఇంత ఎత్తులో పెట్టినావే, ఎవుర్ని కొలిచినావు?”

“ఆపరేటర్ సగటు ఎత్తు సార్.”

“సగటు గాదప్పా. మనిసి పేరు సెప్పు.”

ఆయన లేచి నిలబడి మళ్ళీ అడిగాడు. నేను చెప్పాను.

సలావుద్దీన్‌ను కొలిచానక్కా. హాస్టల్ వరండాలో గోడకు నిలబెట్టి, టేపు పట్టుకుని. వాడు ఐదడుగుల పది అంగుళాలు. వాడు నడుం వంచకుండా కాయలు పోయడానికి ఎంత ఎత్తు బాగుంటుందో అంత ఎత్తు పెట్టాను. ఫీల్డు పుస్తకంలో ‘పనివారు, సగటున’ అని రాశాను. స్విచ్ నేనే పెట్టాను. ఐదుగురం కాదు, నేనొక్కణ్ణే. ఆ కొనలో పెడితే వైరు తక్కువ పడుతుంది, బొమ్మలో కూడా పొందికగా కనిపించింది. అక్కడ తొట్టి ఉంటుందని నాకు తెలియదు. నీకు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

చెంప మీద కొట్టాడు. గ్రీజు చెయ్యి. చెవిలో ఇంకా మోగుతోంది. నేను పడిపోతే చొక్కా పట్టి లేపి రెండోసారి కొట్టాడు. “నేనుంటే ఈ కాయితం సింపి నీ నోట్లో కుక్కుందును. నన్ను తీసేసింది ఆయప్ప. పోకుండా ఉండింది నువ్వు. ఆయప్ప రెండు వారాలు ఎత్తేసినాడు సరే, ఆదివారం ఎత్తేసినాడా? బస్సు ఎత్తేసినాడా?” ఆ తర్వాత మోటారు దగ్గర కూర్చుని ఆయనే ఏడ్చాడు. నన్ను కొట్టినందుకు కాదు. “ఇరవై రెండేండ్లు నేర్పినాను. నేను లేకుండా ఒక్క ఏడాది నిలబడలేదే” అన్నాడు.

ఎందుకు రాలేదో అడిగావు. బస్సు లేక కాదు, టైము లేక కాదు. మా బ్యాచ్‌లో మిగతా వాళ్ళకు మా అక్క ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుందని చెప్పాను. తీసుకొస్తే లైన్‌లో నువ్వు కనపడతావు. గుజ్జు అంటిన చీర, తలకు గుడ్డ, రబ్బరు చెప్పులు. పేరు పెట్టి పిలుస్తావు. కూలీల గురించి ప్రతి మీటింగులో గొంతు చించుకునే నేను, నా అక్క కూలీ అని నలుగురు పిల్లలకు తెలుస్తుందని భయపడ్డాను. పరీక్షలున్నాయి, స్టాంపు దొరికితే చాలని వాళ్ళతో అన్నది నేనే. విజయ్ కుమార్ ఆ రోజు అన్న మాట ఇదే: “స్టాంపు దొంగదని నాకు అప్పుడే తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను. నువ్వు తెరవలేదు.” అందుకే అతని తల పగలగొట్టాను. నిజం చెప్పినందుకు.

అతను తప్పు చేయలేదని రాయడం లేదు. చేశాడు. అతని పక్కన నేను నిలబడి ఉన్నాను, అంతే.

ఈ ఉత్తరాన్ని అత్తకు చదివి వినిపించు. నాకు ఆ ధైర్యం లేదు.

ఇమ్మానుయేల్


గుడిపాల
అక్టోబర్ 2

ఇమ్మానుయేల్,

చించాను. తర్వాత అన్నం మెతుకులతో అంటించాను. రెండు రోజులు నీ పేరు ఎవరు పలికినా ఒళ్ళు మండింది. ఎదురుగా ఉండి ఉంటే మునికుమార్‌కు పడినట్టే నీకూ పడేది.

అత్తకు చదివి వినిపించాను. కొలత దగ్గర ఊరుకుంది. స్విచ్ దగ్గర ఊరుకుంది. చీర, చెప్పులు అన్న చోట “ఆపు” అంది. కాసేపటికి “సదువు” అంది. పూర్తయ్యాక నేను కాగితం మడిచి పెట్టేయలేదు. ఇంకో ముక్క ఉంది, అది నీ ఉత్తరంలో లేదు. స్టాంపు ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు రాయలేదు. నన్ను కాపాడాలని వదిలేసి ఉంటావు. నేనే చెప్పాను. మునికుమార్ టీకి పోయినప్పుడు అతని సొరుగు తీసి, నువ్వు పంపిన ఖాళీ పేజీ మీద స్టాంపు కొట్టింది నేను. మీరు వచ్చి చూసినట్టు కింద అతని సంతకం గిలికింది కూడా నేనే. ఆమె చేసిన చిత్రాన్నం గేటు దగ్గర చల్లారిపోతున్న రోజే కొట్టాను. తమ్ముడికి మార్కులు పోతాయని.

అత్త కొట్టింది. ఎడమచేత్తో. ఆ చేతికి ఇంకా గురి కుదరలేదు, మొదటిది చెవికి, రెండోది మెడకు తగిలింది. మూడోసారి చెయ్యి ఎత్తినప్పుడు కుడి భుజం కూడా దానితోపాటే లేచింది. అక్కడ చెయ్యి లేదు. ఆమె దాన్ని చూసుకుంది. నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. కాలితో తోసేసింది.

“నాకు మీ ఏడుపు వొద్దు. రెండు సేతులుండేవోళ్ళు ఏడిస్తే సూడబుద్ది కాదు. ఆ నాలుగు మిషన్లు ఉండాయి సూడు, అవి ఒక్క కాయ మింగకముందు ముక్కలు గావాల. నేను సూడాల. గీసినోడే ఇప్పాల” అంది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

నువ్వు రాసిన పెద్ద మాటలన్నీ ఇప్పుడు పక్కన పెట్టు. ఓనర్‌కు తప్పని రాసి ఇవ్వు. వింటాడేమో చూద్దాం. వినకపోతే అత్త చెప్పిందే.

ఎస్తేరు


తిరుపతి
జూన్ 4

అక్కకు,

అన్ని తలుపులూ తట్టాను. ఓనర్‌కు రిజిస్టర్ పోస్టులో మూడు ఉత్తరాలు రాశాను, కొలత దొంగదని, డ్రాయింగ్ తప్పని, గీసింది నేనని. కాలేజీ రాసిస్తే చూస్తానని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. విజయ్ కుమార్ దగ్గరికి ఈసారి చేతులు కట్టుకునే పోయాను. నుదుటి మీద కుట్ల మచ్చ అట్లాగే ఉంది. సారీ చెప్పాను, మనసులోంచే చెప్పాను. డ్రాయింగ్ వెనక్కి తీసుకుంటే కాలేజీ పేరు పోతుందట. “నీ డిగ్రీ ఆగుతుంది. దొంగ స్టాంపు కేసు అక్కడే పనిచేసే మీ అక్క మీదికి పోతుంది. ఆలోచించుకో” అన్నాడు. నిన్ను అడిగితే నువ్వు ఫోన్‌లో అన్నావు, “నన్ను అడ్డం పెట్టుకుని ఆగొద్దు” అని. అంతకుముందు ఎనిమిది నెలలు నాతో మాట్లాడని మనిషివి అన్న మొదటి మాట అది. సరే, ఆగను.

ఏప్రిల్‌లో పెంచలయ్య సార్, నేను అత్త వాకిట్లో మీ పందొమ్మిది మందిని కొలిచినప్పుడు ఐదడుగులు దాటినవాళ్ళు ఇద్దరే. అత్త గడప మీద కూర్చుని ఒక్కొక్కరి పేరూ గట్టిగా చెబుతుంటే నేను రాసుకున్నాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పేర్లతో, ఆ ఎత్తులతో కొత్త డ్రాయింగ్ సిద్ధంగా ఉంది. ఈసారి దాన్ని సార్ చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు పాత డ్రాయింగ్‌తో చేసినవి పోవాలి.

ఈ కింది కాగితాన్ని నిన్న మా హాస్టల్ మెస్సులో, వర్క్‌షాప్ తలుపు మీద, గాజు గోడల డిజైన్ సెంటర్ మీద అంటించాను. సలావుద్దీన్ నూట యాభై ప్రతులు తీయించాడు. నిచ్చెన లేకుండా పైన అంటించగలిగేది వాడొక్కడే. నువ్వు లైన్‌లో ఆడవాళ్ళకు చదివి వినిపించు. అత్తను నేనొచ్చి తీసుకొస్తాను, రానిస్తే.

‘మెకానికల్ విద్యార్థులకు,

గుడిపాల దారిలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిద్ధమ్మ అనే కార్మికురాలి చేతిని తిన్న ఫీడర్‌ను గీసింది నేను, ఇమ్మానుయేల్, నాలుగో సంవత్సరం. వాడే మనిషిని ఒక్కరోజు కూడా చూడకుండా గీశాను. చూసినట్టు దొంగ స్టాంపుతో మార్కులు తీసుకున్నాను. శాఖాధిపతి విజయ్ కుమార్ తెలిసీ సీలు కొట్టాడు. అదే డ్రాయింగ్‌తో చేసిన మిషన్లు ఇంకో నాలుగు జూన్ 11న నడవబోతున్నాయి.

మీలో ఎంతమంది ఫీల్డు పుస్తకాల్లో స్టాంపులు నిజమైనవో మీకు తెలుసు. నేను తీర్పు చెప్పడం లేదు. పని చెబుతున్నాను. ఆ నాలుగింటినీ మన చేతులతో విప్పాలి. మరను బయటికి తీసి, మళ్ళీ బిగించడానికి వీల్లేకుండా ముక్కలు చేయాలి. రింగు స్పానర్లు, సమ్మెట, హాక్సా రంపం తెచ్చుకోండి. గేటు తీయకపోతే గేటుకూ బోల్టులున్నాయి. వాచ్‌మన్‌ను ముట్టుకోవద్దు, అతనూ కూలీయే. పోలీసులొస్తే పారిపోవద్దు, పేర్లు చెప్పండి, నా పేరు ముందు చెప్పండి. భయపడేవాళ్ళు స్పానర్ లేకుండా రండి. పందొమ్మిది మంది ఆడవాళ్ళు అక్కడే ఉంటారు, వాళ్ళ పక్కన నిలబడండి. మూడో సంవత్సరంలో చేయాల్సిన పని అది.

జూన్ 11, తెల్లవారి ఐదు గంటలకు ఫ్యాక్టరీ గేటు దగ్గర. ఆరు గంటలకు బెల్లు కొడతారు, మా అక్క ఎస్తేరు రెండో నంబరు మిషన్ ముందు క్రేటు ఎక్కాలి. ఐదింటికే రండి.’